మాఫీ అక్కర్లేని ఇల్లు

తాపీమేస్త్రీనైన నేను నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నా బుర్ర సరిగ్గానే ఉంది, కాళ్లే చెప్పిన మాట వినడం లేదు. నన్నెవరూ బెదిరించి రాయించడం లేదు. బెదిరించేవాడు తలుపవతల ఉన్నాడు. వాడు నా కొడుకు. వాడికి కావలసిన సంతకం వేరే కాగితం మీద. నా అక్షరాలు వంకరైతే వంకరే, నేను కట్టిన గోడ ఒక్కటీ వంకర పోలేదు.

1. ఈ ఇల్లు నా స్వార్జితం. పునాది నేను తవ్వాను, ఇటుకలు నా భార్య అందించింది. తాతల ఆస్తని ఎవరూ నోరెత్తడానికి లేదు.

2. సొంతింట్లో సొంతవాళ్లే ఉంటే ఇంటిపన్ను మాఫీ అన్నారు. వీధంతా ఎగబడింది. పన్ను పోయాక వీధి దీపాలారాయి, చెత్తబండి ఆగింది. ఇప్పుడు మూలమీది ఆసుపత్రి మూసేస్తారట. ఎద్దుకు మేత మాన్పించి బండి కదల్లేదని ఏడ్చినట్టుంది. మా ముసలిది ఆ ఆసుపత్రిలోనే పోయింది. అప్పుడు చెయ్యి పట్టుకుని కూర్చున్నది మా ముందు గదిలో అద్దెకుండే నర్సమ్మ. కొడుకు మాఫీ కోసం పెట్టిన మీటింగులో ఉన్నాడు.

3. ఇంట్లో అద్దెవాళ్లుంటే మాఫీ రాదు. అందుకని మావాడు దరఖాస్తులో నర్సమ్మను నా కూతురని రాసుకొచ్చాడు. ఉత్త రాతే కదా నాన్నా, సంతకం పడెయ్ అన్నాడు. ఉత్త రాతేమిట్రా? అన్న కలిపిన వరసను తండ్రి కాదంటాడా? కాబట్టి నా కూతురికి ముందు గది, వరండా రాసిస్తున్నాను. పాపం, తనకు ఈ సంగతి తెలియదు. డ్యూటీలో ఉంది.

4. వెనక గదులు కొడుక్కి. షరతు ఒకటే. ఇద్దరూ పన్ను పూర్తిగా కట్టాలి. మాఫీ అడిగినవారి వాటా రెండోవారిది.

5. కోడలికి నా భార్య కుట్టుమిషను. నోరు దురుసే గానీ, అత్త మంచాన పడ్డప్పుడు దుప్పట్లుతికింది తనే. నా తాపీ కొడుక్కి. చిన్నప్పుడు అది పక్కన లేందే వాడికి నిద్ర పట్టేది కాదు. తుప్పు పట్టనివ్వకురా.

6. ఇవన్నీ జరిపించే బాధ్యత ఎదురింటి దర్జీది.

దరఖాస్తుకు ఈ సాయంత్రంతో గడువు సరి. వాడు మళ్లీ తలుపు బాదుతున్నాడు. బాదనీ, ఆ తలుపు బిగించింది నేనే. ఇవాళ నేను పెడుతున్న సంతకం ఇదొక్కటే. ఇంకే కాగితం మీద కనబడినా అది నాది కాదు.

ఒరే, నర్సమ్మ నా కూతురు కాదని కోర్టుకెక్కుతావా? ఎక్కు. నీ చేతిరాతతో ఉన్న దరఖాస్తును, లోపల నా పక్కనే కూర్చున్న దర్జీ ఈ వీలునామాకే కుట్టేశాడు. రెండు వరసల కుట్టు వేశాడు, ఊడిరాదు.

తేదీ: మాఫీ గడువు ఆఖరి రోజు, మధ్యాహ్నం.

సంతకం: తాపీమేస్త్రీ, ఈ ఇంటి యజమాని

సాక్షులు:
ఎదురింటి దర్జీ
చెత్తబండి నడిపినాయన (ఇప్పుడు పని లేదు)