బాయిలర్ పక్కన కుర్చీ

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. దేవుని దయ మా గడప దాటిపోలేదు, అందరం బాగున్నాం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, గొంతు మాత్రం తగ్గలేదు. అల్లుడుగారి దగ్గు ఎలా ఉంది?

"అష్యూర్, ఎన్ష్యూర్ అనే ఇంగ్లీషు మాటల తేడా రాయమన్నావు, రాశాను. ఆదివారం ప్రసంగంలోకా నాన్నా?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. కాదమ్మా, బాయిలర్ గదిలోకి. మొదటిది భరోసా ఇవ్వడం, రెండోది పని జరిగితీరేలా చూడటం అని నువ్వు రాశాక నాకు తేటపడింది. మొదటిదానికి నోరు చాలు, రెండోదానికి చేతులు కావాలి. జలప్రళయం వస్తుందని విన్న బైబిల్లోని ఆ పెద్దాయన ఇంటిల్లిపాదికీ ధైర్యం చెప్పి పడుకోలేదు. ఓడ పలకలకు లోపలా బయటా తారు పూశాడు.

మీ మామగారి లాండ్రీలో నేను మండించే బాయిలర్‌కు సేఫ్టీ వాల్వు బిగుసుకుపోయింది. ఆవిరి మితిమీరితే బయటికి పోవడానికి అదొక్కటే దారి. గోడ అవతలే ఆడవాళ్లు దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంటారు. ఎప్పుడడిగినా "కొత్తది వేయిస్తా, అష్యూర్ చేస్తున్నాగా" అనడమే మీ మామగారి పని. వేదికెక్కి నరకాగ్ని గురించి గొంతు చించుకునే నేను, కళ్లెదుటి అగ్ని దగ్గర నోరు మూసుకోనా?

సోమవారం నిప్పు రాజేయలేదు. ఆయన పరుగున వచ్చారు.

"ఏంటిది బావగారూ? నా మాట మీద నమ్మకం లేదా?"

"మాట మీద ఉంది, వాల్వు మీద లేదు. అష్యూర్ వద్దు, ఎన్ష్యూర్ చేయండి."

"రెండూ ఒకటే! ఆదివారం ప్రసంగాలు ఇక్కడొద్దు."

"ఒకటే అయితే ఇదిగో కుర్చీ. బాయిలర్ పక్కన వేసుకుని కూర్చోండి. ఇప్పుడే రాజేస్తా."

"కూర్చోండి సార్, వెచ్చగా ఉంటుంది!" అని ఇస్త్రీ బల్లల దగ్గర్నుంచి ఎవరో అరిచారు. నవ్వులు. ఆయన కూర్చోలేదు.

ఇంతసేపూ చెప్పలేక దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. పోతూ పోతూ ఆయన, "సాయంత్రంలోగా బాయిలర్ మండకపోతే మీ అమ్మాయి నా కొడుకింట్లో ఎలా ఉంటుందో చూస్తా" అన్నారు. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్నాను తల్లీ. అయినా రాజేయలేదు. కొత్త వాల్వు బిగించేదాకా రాజేయను.

"నీ కాపురానికేం కాదు, నాది పూచీ" అని ఇక్కడ రాసి, మళ్లీ చదువుకుని కొట్టేశాను. పైన గీతలు చూస్తున్నావుగా. అది కూడా ఉత్త భరోసాయే.

అందుకే ఈ ఆదివారం ప్రసంగం మానుకుని నేనే వస్తున్నాను. అల్లుడుగారి ఎదుట కూర్చుని జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆయన పూర్తిగా వినేదాకా లేవను. నాకొక కుర్చీ వేసి ఉంచు.

ఇట్లు,
సంచి సర్దుకుంటున్న
మీ నాన్న