మైనస్ నాలుగు

సెప్టెంబర్ 8, పొద్దున 7

దోస్త్ జయరాజూ, ఎట్లున్నవ్? నీ మెసేజ్ వచ్చి తొమ్మిది రోజులైంది, ఏమనుకోకు. కంటి లేజర్ గురించి నీ భయాలన్నీ రాసి పంపు, నేను చేయించుకున్నవాణ్ణే కదా అన్నావు. ఫోన్ నోట్స్‌లో మొదలుపెడితే ఇది డైరీలాగా తయారవుతోంది. పంపుతానో లేదో తెలియదు.

నలభై మూడేళ్లకు ఈ సోకు ఎందుకంటే, అలంపూర్. పోయిన నెల మా ఆవిడ వనజా నేనూ వెళ్లాం. అద్దాలు ఆమె చేతికిచ్చి తుంగభద్రలో మునిగాను. మెట్లెక్కి, పచ్చ చీర కనబడితే మా ఆవిడే అనుకుని వీపు తిప్పి, జర తుడువు అన్నాను. ఆమె ఎవరో. మా ఆవిడ నాలుగు మెట్ల పైన కూర్చుని నవ్వుతోంది. ఇప్పుడు ఇంట్లో ఉప్పు అడిగినా పచ్చ చీరామెను అడుగు అంటోంది.

సెప్టెంబర్ 9

లేజర్ కొట్టేటప్పుడు తుమ్ము వస్తే?

సెప్టెంబర్ 11, కర్నూలు బస్‌లో

కంటి దవాఖానకు వెళ్లొస్తున్నా. డాక్టరమ్మ చిన్న వయసే కానీ ఓపిక చాలా. నా భయాల లిస్టంతా చదివి వినిపించాను. రెప్ప కొట్టకుండా క్లిప్ పెడతారట. మత్తు చుక్కలు వేస్తారు కాబట్టి నొప్పి ఉండదు, నొక్కినట్టు ఉంటుంది అంతే. కన్ను కదిలితే మెషిన్ వెంబడిస్తుంది, మరీ కదిలితే ఆగిపోతుంది. తర్వాత కొన్ని నెలలు కళ్లు పొడిబారినట్టు ఉండొచ్చు, రాత్రి బండి లైట్ల చుట్టూ వలయాలు కనబడొచ్చు. రుద్దుకోవద్దు, కొన్ని రోజులు కళ్లలో నీళ్లు పడొద్దు.

కార్నియా మందం బాగుందట. రెండేళ్లుగా పవర్ మారలేదు, మైనస్ నాలుగే. సంబరపడ్డాను.

అప్పుడు వయసెంత, పనేంటి అని అడిగింది. గద్వాలలో చీరల దుకాణం అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది. దూరపు చూపు సరిచేస్తే దగ్గరికి చదివే అద్దాలు కావాలి, ఈ వయసులో తప్పదు అంది. అద్దాలు తీస్తే నాకు దగ్గరిది అద్దంలా కనిపిస్తుందమ్మా అన్నాను. అది ఆ మైనస్ నాలుగు వల్లేనట. లేజర్ చేస్తే దూరపు మసకతో పాటు ఈ దగ్గరి చూపూ పోతుంది. లేజర్ తర్వాత చూపు ఇట్లనే ఉంటుందని కంట్లో పెట్టుకునే లెన్సులు ఇచ్చి, వారం రోజులు వాటితో వ్యాపారం చేసి చూడమంది.

సెప్టెంబర్ 12

చాయ్ తాగుతుంటే ఆవిరి పట్టలేదు! వానలో బండి నడిపాను, చినుకు అడ్డం రాలేదు. మా ఆవిడ నా ముక్కు మీది గుంటలు తడిమి చూసి, "పెండ్లినాటి మొఖం లెక్కనే ఉంది" అంది. రోజంతా దుకాణంలో నవ్వుకుంటూనే ఉన్నాను.

సెప్టెంబర్ 14

మద్దిలేటి మామ మూడు చీరలు తెచ్చాడు. నేను దుకాణం పెట్టినప్పటి నుంచి మాకు నేసేది ఆయనే. మన చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట పోగుకు పోగు లంకె పడాలి. ఒక్కచోట తప్పినా తడిస్తే అంచు విడిపోతుంది. నేను అద్దాలు తీసి, చీర ముక్కు దాకా తెచ్చుకుని లంకె లంకెనూ చూస్తాను. మామ ఎదురుగా కూర్చుని నా మొహమే చూస్తుంటాడు.

ఈరోజు లెన్సులతో చూస్తే పోగులు మంచు పట్టినట్టు ఉన్నాయి. చేయి చాచి దూరంగా పట్టినా అంతే. కనబడట్లేదని చెప్పడానికి సిగ్గేసింది. వేలితో తడిమి బాగుంది మామా అన్నాను. సాయంత్రానికి నాగర్‌కర్నూల్ గీత మేడమ్ అందులో ఒకటి తీసుకెళ్లింది.

సెప్టెంబర్ 17

గీత మేడమ్ ఫోన్. ఒక్కసారి తడిపితే జానెడు అంచు ఊడిందట. గట్టిగా కూడా మాట్లాడలేదు. మీరు చూసి ఇచ్చారు కదా అని కొనుక్కున్నా అంది. తిట్టినా బాగుండేది. వేరే చీర బస్సులో పంపాను.

సెప్టెంబర్ 18

మామతో తగాదా పెట్టుకుందామనే వెళ్లాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని అంతా విన్నాడు. నా మొహం మీద అద్దాలు లేకపోవడం అప్పుడే గమనించాడనుకుంటా. లెన్సుల సంగతి చెప్పాను.

"ఆ లంకెలు నాకు కనవడక మూడేండ్లాయె సుదర్శన్. చేతి అలవాటుతోని ఏస్తున్న. తప్పుంటే నువ్వు పట్టుకుంటవని ధైర్యం. నీ కండ్ల మీదనే నేస్తున్న" అన్నాడు.

మూడేళ్లుగా నా మొహం ఎందుకు చూస్తున్నాడో ఇప్పుడు తెలిసింది. తగాదా మర్చిపోయి వాళ్లింట్లో చాయ్ తాగి వచ్చాను.

సెప్టెంబర్ 19

లెన్సుల మీద చదివే అద్దాలు పెట్టి చూశాను. పోగులు కనిపిస్తాయి, కాదనను. కానీ ఒక జత వదిలించుకోవడానికి లేజర్ చేయించుకుని, ఇంకో జత కొనుక్కోవాలా? లెన్సులు తీసేశాను. చీర ముక్కు దాకా తెచ్చుకున్నాను. ఒక్కో పోగూ పలకరించినట్టు కనబడింది.

డాక్టరమ్మకు ఫోన్ చేసి వద్దని చెప్పాను. ముందే తెలిసింది, మంచిదైంది అంది. మీరు ఇరవై ఐదేళ్లవారైతే చేసేదాన్నే అంది. మామ సంగతి చెబితే తీసుకురమ్మంది. శుక్లాలు కావచ్చు, చూద్దాం అంది.

మా ఆవిడకూ చెప్పాను. మిగిలిన పట్టుదారం పేని నా అద్దాలకు తాడు కడుతోంది. పచ్చ దారం.

సెప్టెంబర్ 21

జయరాజూ, ఇదంతా ఇవాళ పంపేస్తున్నా. శనివారం మామను కర్నూలు తీసుకెళ్తున్నాం, వచ్చేటప్పుడు అలంపూర్‌లో ఆగుతాం. తాడున్నా నీళ్లలో అద్దాలు తీయాల్సిందేనట, మా ఆవిడ ఆర్డర్. ఒడ్డున నిలబడి నా పెళ్లాం ఎవరో చూపించడానికి మంచి కండ్లోడు ఒకడు కావాలి. వనపర్తి నుంచి ఎప్పుడొస్తవ్?