చెల్లెకు పంపిన దారం

గోదావరిఖని,
18-5-2003.

చెల్లె సంతోషికి, అక్క తిరుమల దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావకు దగ్గు తగ్గలేదు, అయినా రోజూ డ్యూటీకి పోతున్నాడు. మన ఇళ్లల్లో బాగుండటమంటే అంతే కదా. ఎండలకు వంటింట్లో నిలబడలేకపోతున్నాను. గోలేటిలో నీళ్లు సరిగ్గా వస్తున్నాయా? మరిది మొగిలి షిఫ్టు మారిందా?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "నా చేతికి లేసు రాదక్కా, లేసు అల్లే దిండు, దారం చుట్టే కండెలు తిప్పి పంపిస్త" అని రాశావు. పంపకు. నీ పాప పోయాక ఏడాదిపాటు నోరు విప్పని దానివి, ఆ దిండు ముందు కూర్చున్నాకనే మళ్లీ మనిషివయ్యావు.

ఏ దారం కొనాలని అడిగావు. కుట్టుమిషను దారం వద్దు. నైలాను కలిసినది సాగుతుంది, గుండుసూదులు తీయగానే లేసు ముడుచుకుపోతుంది. గట్టి పురి ఉన్న నూలు దారమే తీసుకో. పురి వదులైతే కండెలు తిప్పేకొద్దీ నూగు లేస్తుంది. దిండు మీద పరిచే నమూనా అట్టలో సూదులు దగ్గరదగ్గరగా ఉంటే సన్నది, ఎడంగా ఉంటే కొంచెం లావుది. కండెలకు చుట్టేముందు జానెడు దారం రెండు చేతులా పట్టి గుంజి చూడు.

ఈ చివరి మాట నీకు ముందే చెప్పవలసింది. ఎందుకు చెప్పలేదో రాయడానికే ఇంతసేపూ కూర్చున్నాను.

హోలీ ముందు, మనకు లేసు నేర్పిన లూసీ సిస్టర్ నువ్వు అల్లిన ముక్కను కిటికీ దగ్గర పట్టుకుని చూసింది. "తిరుమలా, మీ చెల్లెలి చెయ్యి నీకంటే తేలిక" అన్నది. ఇరవై ఏళ్లుగా అల్లుతున్నాను, ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు. నవ్వి ఇంటికొచ్చాను. ఆ వారమే సిస్టర్ వాళ్ల చర్చిలో బల్ల మీద పరిచే బట్ట అంచు కోసం నువ్వు దారం అడిగావు. నా దగ్గర రెండు రకాల ఉండలున్నాయి. ఒకటి కొత్తది. ఇంకోటి రెండు ఎండాకాలాలు కిటికీలో ఎండకు పడి ఉన్నది. దాన్ని గుంజి చూశాను. పుటుక్కున తెగింది. తెలిసే దాన్ని కాగితంలో చుట్టి నీకు పంపాను.

నీ అంచు ఉతకగానే సిస్టర్ చేతుల్లో పోగులు పోగులుగా ఊడింది. నువ్వు తలవంచుకుని, "నాదే తప్పు సిస్టర్, నాకు చాతకాలె" అన్నావు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు.

పోయిన ఆదివారం సిస్టర్‌తో అంతా చెప్పాను. "ఈ మాట చెప్పవలసింది నాకు కాదు" అన్నది. మర్నాడు మంచిర్యాల పోయి, దుకాణంలో ప్రతి ఉండా గుంజి చూసి, మంచి దారం తెచ్చాను. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. నా మీద నమ్మకం లేకపోతే నువ్వూ గుంజి చూసుకో, తప్పులేదు.

పెళ్లికూతురి ముసుగు అంచు పని ఒకటి నాకు వచ్చింది. నీకిమ్మన్నాను. సిస్టర్ పనులు రాసుకునే పుస్తకంలో నా పేరు కొట్టేసి నీ పేరు రాసింది. కొట్టేసిన నా పేరు వైపే మళ్లీ మళ్లీ చూశాను, అబద్ధమెందుకు చెప్పాలి. ఇంటికొచ్చి, అన్నం తిని, మధ్యాహ్నం చాప మీద ఒరిగి నిద్రపోయాను. మీ బావ డ్యూటీ దిగి వచ్చి, "ఏందే, పానం మంచిగ లేదా?" అని లేపేదాకా మెలకువ రాలేదు. హోలీ తర్వాత అంత నిద్ర పట్టడం అదే.

ఇట్లు,
నువ్వు తిట్టినా పడే
నీ అక్క
తిరుమల