పెరటి గుంటలో నీ కొరమేను

మావా,

చిన్నప్పుడు దొరసాని బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇలా నీకు రాయడానికి పనికొస్తాయనుకోలేదు.

ఇవాళ్టికి నువ్వు పోయి ఏడాది. విస్తట్లో నీకిష్టమైనది పెట్టాలి కదా, నీకేమో కొరమేను పులుసు. గోదారి వరద మీదుంది. నాలుగు రోజులుగా ఎవరి వలకీ కొరమేను పడలేదు. ఇక మిగిలింది పెరటి గుంటలో నువ్వు చేత్తో రొయ్యలు పెట్టి పెంచినదే. నా బాతుపిల్లల్ని మూడింటిని మింగినా, "దాని జోలికెళ్లావంటే ఊరుకోను" అని నువ్వు నన్నే కసిరావు.

"అన్నయ్యకి కొరమేనంటే ప్రాణం కదా వదినా, దాన్నే పట్టేస్తానండి" అంటూ నీ తమ్ముడు వలతో మోకాళ్ల లోతుకి దిగాడు. నేనూ వద్దనలేదు. పొద్దుటే మసాలా నూరి ఉంచాను.

అది పారిపోలేదు మావా. నీళ్లలో కాళ్లు కనబడగానే నువ్వే వచ్చావనుకుందేమో, తిన్నగా వాడి దగ్గరికే వచ్చింది. మొన్నటి వానలకి చేలోంచి జోడు ఎప్పుడొచ్చి చేరిందో, దాని వెనకే కుంకుమ చల్లినట్టు ఎర్రెర్రగా వందల పిల్లలు.

"పైకొచ్చెయ్ అబ్బాయ్" అన్నాను. వాడు వల భుజానేసుకుని గట్టెక్కాడు.

నూరిన మసాలా వంకాయల్లో వేశాను. ఈ ఏడాదికి నీ విస్తట్లో వంకాయ కూరే. కోపమొస్తే నన్ననకు, గుంట దగ్గరికెళ్లి దానితోనే చెప్పుకో. వట్టి చేతులతో మాత్రం వెళ్లకు. నీ తమ్ముడు పైకొచ్చేశాక కూడా అది చాలాసేపు ఒడ్డు దగ్గరే ఉంది.