ఓబులేసు ఆఖరి కూత

ఆదివారం, ధర్మవరం

పెనుకొండ కబడ్డీ పోటీలో మనవాళ్లు ఓడిపోయారు. నాకు సంతోషం వేసింది. ఈ మాట ఇక్కడ తప్ప ఇంకెక్కడా అనలేను.

ఓబులేసుకు కూతకు పోవడం నేర్పింది నేను. ఈ ఏడు కూతకు పోయినప్పుడల్లా దొరికిపోతున్నాడని కమిటీవాళ్లు నన్ను తీసేసి, హిందూపురం నుంచి కొత్త కోచ్‌ను తెచ్చారు. నేను వాణ్ణి కుడివైపు నుంచి పంపేవాణ్ణి. అతను ఎడమవైపుకు మార్చాడు. ఈరోజు ఓబులేసు ఆ ఎడమవైపు నుంచే పోయి, ప్రతిసారీ ఒకరినో ఇద్దరినో తాకి వచ్చాడు. వచ్చినప్పుడల్లా ముందు ఆ కోచ్ మొహమే చూశాడు. ఒకప్పుడు నా మొహం చూసేవాడు.

"కోచంటే ఈయప్ప! ముందరున్న ఆయప్ప పిల్లోన్ని చెడగొట్టినాడబ్బా," అన్నాడు నా పక్కనున్న పెద్దాయన. అది నేనేనని ఆయనకు తెలీదు. కడుపు మండిపోయింది.

ఆఖరి కూతకు ఓబులేసు కుడివైపు నుంచి పోయాడు. కాలు దొరికింది, ఆట పోయింది. నా కడుపు చల్లబడింది.

తిరుగు బస్సులో వాడే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు చూస్తాండావని, నువ్వు నేర్పిచ్చినట్ల పోతినన్నా. కొత్త సారు ఇంగ ఆడిపియ్యనంటాండాడు. నువ్వన్నా ఒక మాట చెప్పు."

చెప్తానన్నాను. ఇప్పుడు ఆ కోచ్‌కు చేద్దామని ఫోన్ చేతిలోనే ఉంది. తప్పు వాడిది కాదు, నీ పద్ధతే వాడికి సరిపోయింది అని చెప్పాలి. ఆ రెండో ముక్క నోటికి రావడం లేదు. పైగా, వాడు నాకోసమే అటు పోయాడని తలచుకుంటే ఇప్పటికీ తియ్యగానే ఉంది.