మడమ మీద నల్లమచ్చ

చిరంజీవి లోర్నాకు అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, ముసలి పిల్లీ క్షేమం. మంచు కిటికీ అంచుదాకా పేరుకుంది. అక్కడ నువ్వూ, అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పొయ్యి బాగుచేయించాను. మోకాలికి మందు పూసుకుంటున్నాను. “మంచు మీదికి వెళ్ళడం లేదు కదా?” అన్నదానికి జవాబు కాస్త ఆగి రాస్తాను.

నెల కిందట కుడి మడమ మీద నల్లమచ్చ కనిపించింది. మీ పెద్దమ్మ ఐలీన్‌ను పొట్టన పెట్టుకున్న చర్మ క్యాన్సర్ మచ్చ అచ్చం అలాంటిదే. అయినా మూడు వారాలు ఎవరి ముందూ మేజోడు విప్పలేదు. చివరికి పక్కింటి వెర్నా కంట పడింది.

“ఐలీన్ కూడా ఇలాగే దాచింది. కారెక్కుతావా, ఈడ్చుకెళ్ళనా?” అంది.

డాక్టర్ పకెట్‌కు నీ ఈడే ఉంటుంది. మచ్చ మీద చుక్క నూనె వేసి, దీపమున్న భూతద్దం ఆనించి చాలాసేపు చూసింది. ఈలోగా నా టీకప్పులు ఎవరికి చెందాలో కూడా తేల్చేసుకున్నాను.

“ఆర్డిత్ గారూ, ఈ మడమతో ఏం పని చేశారేంటి?”

“తోటపని.”

“ఫిబ్రవరిలోనా?”

వెర్నా పగలబడి నవ్వింది.

పైకి క్యాన్సర్ మచ్చా, మామూలు మచ్చా రెండూ నల్లగానే ఉంటాయట. చెడ్డదైతే అద్దం కింద చర్మపు గట్ల వెంట గోధుమరంగు చారలు కనిపిస్తాయట. నా దాంట్లో ఎరుపూ నలుపూ కలిసిన గులకరాళ్ళలాంటి చుక్కలున్నాయట. నలిగి గడ్డకట్టిన నెత్తురు. చిన్న బ్లేడుతో పైపొర గీకితే మచ్చంతా దాంతోనే ఊడి వచ్చింది! మళ్ళీ అద్దం పెట్టి చూసి, “ఏమీ మిగల్లేదండీ. ఇది ఇరుకు స్కేటింగ్ బూట్ల పని” అంది. అక్కడే ఏడ్చేశాను తల్లీ.

ఇక నీ ప్రశ్న. తుంటి విరిగినప్పుడు మంచు జోలికి పోనని నీకు మాటిచ్చాను. నవంబరు నుంచి ప్రతి మంగళవారం అమ్మమ్మల మంచు హాకీ జట్టుకు గోలు కాస్తున్నాను. వెర్నాయే కెప్టెన్. ఊళ్ళో ఉన్న ఒక్క కొట్లో స్కేట్లు కొంటే సాయంత్రానికల్లా నీకు ఫోను వస్తుంది. అందుకని అటక మీది నీ పాతవి తొడుక్కున్నాను. ఒక సైజు చిన్నవి. మచ్చ చూపిస్తే ఇదంతా బయటపడుతుందని దాచాను. అది ఐలీన్‌కు వచ్చినటువంటిదే అయ్యుంటే, నీ తిట్లకు భయపడి ప్రాణం పోగొట్టుకునేదాన్ని. తప్పు నాదే. ఇకమీదట నీ దగ్గర ఏదీ దాచను.

ఇప్పుడే మొదలుపెడుతున్నాను: వచ్చే మంగళవారం ఫైనల్. తిట్టాలనుంటే వచ్చి, గోలు వెనకాల కూర్చుని తిట్టు. వచ్చేటప్పుడు ఎనిమిదో నంబరు స్కేట్లు పట్టుకురా.

ఇట్లు,
మంచు దిగని మీ అమ్మ,
ఆర్డిత్