నూటిరవై మందికి కూర

నాన్నా, నేను కులాసా. వేళకు తింటున్నానని అమ్మకు చెప్పు.

ఊరి రైతులు తెచ్చే కూరగాయలు తూచి, బడిపిల్లల వంటశాలకు చేర్చడం నా ఇంటర్న్‌షిప్ పని. జీతం కూడా ఇస్తున్నారు. సోమవారం వంటమనిషికి జ్వరం వచ్చింది. తినాల్సిన పిల్లలు నూటిరవై మంది. వంటశాల చూసుకునే పెద్దావిడ తల పట్టుకు కూర్చుంది. నేను చున్నీ నడుముకు బిగించి పొయ్యి ముట్టించాను.

చిన్నప్పుడు సెలవుల్లో నన్ను మీ హాస్టల్ వంటగదికి తీసుకెళ్లి, బోర్లించిన గంగాళం మీద కూర్చోబెట్టేవాడివి. "ఉప్పు నాలుకతో కాదు తల్లీ, ముందు ముక్కుతో చూడాలి" అనేవాడివి. అలాగే ఆవిరి వాసన చూసి ఉప్పు వేశాను. పిల్లలు గిన్నె అడుగుదాకా ఊడ్చేశారు.

"ఇంత వంట నీకెవరు నేర్పారే పిల్లా?" అంది పెద్దావిడ.

"మా నాన్న. హాస్టల్లో వంటమాస్టర్" అన్నాను.

అన్నాక ఏడుపొచ్చింది. కాలేజీ దరఖాస్తులో నీ పేరు పక్కన 'ఆఫీసు ఉద్యోగం' అని రాశాను నాన్నా. మూడేళ్లుగా స్నేహితులకూ అదే చెప్పాను. నన్ను క్షమించు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? తమ్ముడు లెక్కలు చేస్తున్నాడా? ఇక్కడ చలి మొదలైంది, నా పాత స్వెట్టర్ పంపించండి. వచ్చే వారమంతా నన్నే వండమన్నారు. ఇంతమందికి వంకాయలు ఎన్ని కిలోలు పడతాయో వెంటనే రాయి.

నానమ్మకు నా దండాలు, తమ్ముడికి ముద్దులు. కవరు కొనబోయి పోస్టుకార్డే కొన్నాను. దారిలో పోస్టుమాన్ చదివినా చదవనీ.

నీ కూతురు